ఎడమవైపు ఆకాశం

ఆ వానాకాలం మా అమ్మకు ప్రపంచంలో ఎడమ సగం మాయమైంది.

మాయమైన సంగతి ఆమెకు తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మాట స్పష్టంగా ఉంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు కాస్త బరువెక్కినా కదులుతున్నాయి. మెదడులో కుడివైపు ఒక సన్నటి రక్తనాళం మూసుకుపోయిందనీ, దాంతో ఎడమవైపున్న దేన్నీ మెదడు పట్టించుకోవడం లేదనీ డాక్టరు చెప్పాడు. కంటి దాకా వస్తుంది, మనిషి దాకా చేరదు, అన్నాడు. కొందరికి తిరిగి వస్తుందట, కొందరికి రాదట. వానలు వెనకబట్టాక మళ్ళీ తీసుకురమ్మన్నాడు. అప్పటికి తేలిపోతుందన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు అమ్మ పళ్ళెంలో కుడి సగం తినేసి, చెయ్యి కడుక్కోబోతూ నా వైపు చూసింది.

"ఇంత పిసినారివి ఎప్పుడయ్యావే?"

నేను పళ్ళెం తిప్పాను. ఎడమ సగం కుడికి వచ్చింది. "అలా వడ్డించు" అని మళ్ళీ తినడం మొదలుపెట్టింది. నాన్న మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

అమ్మది కారు నడపడం నేర్పే వృత్తి. మా పేటలో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆమె తిట్లు తిన్నవాళ్ళే. అందరికీ ఆమె టీచరమ్మ. నాన్న కూడా వెటకారంగా మొదలుపెట్టి, నోటికి అలవాటై, చివరికి అలాగే పిలిచేవాడు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు దగ్గర కూర్చుంటే, ఆమె ఎడమవైపు సీట్లో కూర్చునేది. ఆ సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు. కిటికీ బయట ఆమె కోసమే బిగించిన చిన్న అద్దం. మొదటి పాఠం ఎవరికైనా ఒకటే: కళ్ళు తిప్పితే చాలదు, మెడ తిప్పు. రెండో పాఠం లారీల గురించి. "లారీ వెనక ఉన్నప్పుడు దాని పక్క అద్దం చూడు. అందులో డ్రైవరు మొహం నీకు కనపడాలి. కనపడలేదా, వాడి దృష్టిలో నువ్వింకా పుట్టలేదన్నమాట."

ఇప్పుడా కారు పెరట్లో పట్టా కప్పుకుని తడుస్తోంది.

డ్రైవింగ్ స్కూలు అమ్మదీ, బాబాయ్‌దీ కలిసి. ఆయనకో కారు, ఆమెకో కారు. బాబాయ్ వచ్చినప్పుడల్లా పట్టా వంక ఒకసారి, వదినగారి వంక ఒకసారి చూసి, పోయేటప్పుడు నన్ను వరండాలోకి పిలిచేవాడు. నేర్చుకునేవాళ్ళు కాచుకుని కూర్చున్నారనీ, వదిన సీట్లో వేరే మనిషిని పెట్టక తప్పదేమోననీ నసిగేవాడు. ఆయన తప్పేం లేదు. వానలు తగ్గేదాకా ఆగమన్నాను. ఆగుతానన్నాడు. ఆ తర్వాత నన్ను తిట్టుకోకూడదు సుమా అని కూడా అన్నాడు.

ఇక నాన్న. లేత్ మెషీను మీద ఇరుసులు, మరలు కోసి రిటైరయ్యాడు. నేల మీద నడిచే ఏ బండీ ఆయనకు రాదు. పెళ్ళయిన కొత్తలో అమ్మ నేర్పబోయింది. మొదటి పాఠం మధ్యలో ఆమె ఏదో అంది. ఆయన కారు నడిరోడ్డు మీద ఆపి, తలుపు మెల్లగా వేసి, ఇంటికి నడిచి వచ్చేశాడు. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు.

కానీ వెనక గదిలో ఆయనకొక యుద్ధవిమానం ఉండేది.

కంప్యూటర్లో. దాన్ని ఆట అంటే ఊరుకునేవాడు కాదు. నిజం విమానంలో ఎన్ని స్విచ్చులుంటాయో అందులోనూ అన్నీ ఉన్నాయి. ముందు బ్యాటరీ, ఆపైన ఇంధనం పంపు, ఆపైన ఇంజను. వరస తప్పితే అది చలనం లేకుండా పడుంటుంది. విమానాన్ని తిప్పే కర్రను ఆయనే లేత్ మీద కోసుకున్నాడు. పాత కుట్టుమిషను పలకతో పెడళ్ళు చేసుకున్నాడు. తలకొక టోపీ. దాని అంచున మెరిసే బిళ్ళలు. కంప్యూటరు మీది చిన్న కెమెరా ఆ బిళ్ళల్ని కనిపెట్టి చూస్తుంటుంది. మనం మెడ కొంచెం తిప్పితే తెర మీద ఆకాశమంతా అటు తిరుగుతుంది. కుడికి తిరిగితే కుడి రెక్క, ఎడమకు తిరిగితే ఎడమ రెక్క.

ఇన్నేళ్ళలో ఎంతమంది శత్రువుల్ని కూల్చావని బాబాయ్ అడిగితే, ఇంకా ఎవరూ ఎదురుపడలేదనేవాడు. అలాంటప్పుడు ప్రయాణికుల విమానం నడుపుకోవచ్చు కదా అంటే, "వెనక అంతమంది కూర్చుంటే నాకు కాళ్ళాడవురా. ఇందులో నేనొక్కణ్ణే" అనేవాడు. ఎవరైనా ఇంటికొచ్చి ఆయన ఏరీ అనడిగితే, అమ్మ వెనక గది వైపు గడ్డం ఎగరేసి, యుద్ధానికి వెళ్ళారు, టీ వేళకు వచ్చేస్తారు అని చెప్పేది.

అమ్మ ఆ గదిలోకి ఎప్పుడూ వెళ్ళేది కాదు. ఆ వానాకాలం వెళ్ళింది.

మధ్యాహ్నం. బయట ముసురు. ఇంట్లో దీపం వేసినా వేయనట్టే ఉంది. అమ్మ గోడ పట్టుకుని నడుస్తూ వెనక గది గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుని, గుమ్మాన్ని తిట్టి, నాన్న వెనక స్టూలు మీద కూర్చుంది. తెర మీద నీలం. దూది పరుపుల్లాంటి మబ్బులు కింద మెల్లగా జారుతున్నాయి. ఆ వెలుగు ఆమె మొహం మీద పడి, ఆసుపత్రి కళ తుడిచిపెట్టినట్టు పోయింది.

"కొండ వస్తోంది. బ్రేకు తొక్కండి."

"బ్రేకుంది గానీ తొక్కేది కాదు టీచరమ్మా. వేలితో నొక్కేది."

"వేలితో ఆగే బండేం బండి?"

నాన్న లేచాడు. కుర్చీ ఆమెకిచ్చాడు. టోపీ తీసి ఆమె తలకు పెట్టాడు. ఆమె కుడిచెయ్యి కర్రను పట్టుకోగానే ఆ చేతికి పాత ఊపిరి వచ్చింది. విమానం ఒక్కసారి కూడా తొణకలేదు. కొండ పక్కనుంచి ఒడుపుగా తిరిగింది. అన్నేళ్ళు ఇంకొకరి స్టీరింగు మీద చెయ్యి వేసిన మనిషికి బండి ఏం చేయబోతోందో బండి కంటే ముందు తెలుసు.

వేగం పెంచే పిడి మాత్రం ఎడమచేతి పక్కనుంది. దాని జోలికి ఆమె పోలేదు. వేగం తగ్గి విమానం ముక్కు వంచబోతుంటే, నేను ఒక స్టూలు లాక్కుని ఆమెకు ఎడమపక్కన కూర్చుని పిడి కొంచెం ముందుకు తోశాను.

"దానంతటదే పుంజుకుంది చూశారా" అంది అమ్మ. "మంచి బండి."

నాన్న నా వంక చూశాడు. ఆ సీజనంతా అది నా సీటైపోయింది.

మర్నాటి నుంచి రెండు విమానాలు లేచాయి. ఇళ్ళ ప్లాన్లు గీసే పని నాది. ముందు గదిలో నా కంప్యూటరు గట్టిది. నాన్న రెండు కంప్యూటర్లనూ తీగతో కలిపి, తన కుర్చీ, కర్ర, టోపీ అన్నీ అమ్మకు వదిలేసి, ఏదో పాత కర్రతో నా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇద్దరి చెవులకూ హెడ్‌ఫోన్లు. యుద్ధవిమానాలు ఒంటరిగా తిరగవనీ, జంటగా వెళ్తాయనీ చెప్పాడు. ముందున్నది ఒకటో నంబరు. పక్కన కాస్త వెనగ్గా, రెక్కకు రెక్క ఆనించినట్టు వచ్చేది రెండో నంబరు.

"నేనెందుకు రెండు?" అని అమ్మ తగువు పెట్టుకుంది.

"ఒకటో వాడు దారి, వాతావరణం, గడియారం అన్నీ చూసుకోవాలి. రెండో మనిషి ఒకటో వాణ్ణి చూసుకుంటే చాలు."

"ఇన్నాళ్ళూ చేసింది అదేగా" అంది అమ్మ.

ఆ రోజులు నాకు ఇప్పటికీ కలలాగే గుర్తున్నాయి. కిటికీ అద్దం మీద వాన. తెర మీద ఎండ. ఇంటి చుట్టూ నీళ్ళు నిలిచి, వీధిలో మనుషులు గొడుగుల కింద తలలు వంచుకుని పోతుంటే, మా ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు మబ్బుల మీదికి తేలిపోయేవాళ్ళు. పైకి వెళ్ళేకొద్దీ నీలం చిక్కబడేది. నాన్న ఎప్పుడూ సాయంత్రం వేళనే ఎంచుకునేవాడు. మబ్బుల అంచులు నారింజ తొక్కల్లా ఉండేవి. ఆయన విమానం అమ్మ తెర మీద కుడివైపు బొమ్మలా నిలబడి ఉండేది, దాని రెక్క చివర ఎర్రటి దీపం. విమానాలకు ఎడమ రెక్క చివర ఎరుపు, కుడి రెక్క చివర ఆకుపచ్చ. లోకమంతా అదే పద్ధతట. అమ్మ ఆయనకు ఎడమపక్కన ఎగురుతోంది కాబట్టి ఆమెకు కనిపించేది ఎర్ర దీపం.

"ఏ దీపం కనపడుతోంది టీచరమ్మా?"

"ఎర్రది."

"అలాగే పట్టుకుని రా."

అంతే మాటలు. కొన్నిసార్లు అవి కూడా ఉండేవి కావు. హెడ్‌ఫోనుల్లో ఒకరి ఊపిరి ఒకరికి వినపడుతుంటే సరిపోయేది. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ కలిసి పోట్లాడుకోకుండా ఇంత దూరం ప్రయాణం చేయడం నేను చూళ్ళేదు. నేను పక్కన కూర్చుని పిడి చూసుకునేదాన్ని. ఆమె వెనకబడితే ముందుకు, మరీ దగ్గరికెళ్తే వెనక్కి. నా మోచెయ్యి ఆమె మోచేతికి తగులుతూనే ఉండేది. ఆమె ఒక్కసారీ ఇటు తిరగలేదు. దాహమేస్తే "ఎవరైనా ఉన్నారా?" అని కుడివైపుకు తిరిగి కేక పెట్టేది. నేను లేచి, కుర్చీ వెనకనుంచి చుట్టూ తిరిగి, అటువైపునుంచి నీళ్ళు అందించేదాన్ని. వెంటనే వచ్చావే అని మెచ్చుకునేది.

బాబాయ్ ఒకరోజు వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, చెప్పులు కూడా విడవడం మరిచిపోయాడు. రెండు విమానాలు ఒకే దారానికి కట్టినట్టు మబ్బుల్లో ఒరుగుతున్నాయి.

"వదినకు నయమైపోయిందే" అన్నాడు.

మేమూ అలాగే అనుకున్నాం.

ఆ వారంలోనే ఒకరోజు వాన తెరిపిచ్చింది. అమ్మ ఒంటరిగా గేటు తీసుకుని రోడ్డు మీదికి అడుగేసింది. ఎడమవైపునుంచి సైకిలు మీద రొట్టెలవాడు వస్తున్నాడు. గంట కొడుతూనే వస్తున్నాడు. అమ్మ నేరుగా వాడి ముందుకు నడిచింది.

మోచెయ్యి గీరుకుపోయింది, మోకాలు వాచింది, అంతకంటే ఏం కాలేదు. రొట్టెలు మాత్రం బురదలో పడ్డాయి. వాడు పాపం అమ్మనే లేవదీసి అరుగు మీద కూర్చోబెట్టాడు. తిట్టడం అమ్మే తిట్టింది. "ఆకాశంలోంచి ఊడిపడ్డాడు. రోడ్డు మీద ఈగ కూడా లేదు. మెడ తిప్పి చూశాను" అంది. నిజంగానే తిప్పి ఉంటుంది. కుడికి.

ఆమె పడుకున్నాక నేను వెనక గదిలోకి వెళ్ళి ఆమె కుర్చీలో కూర్చున్నాను. టోపీ పెట్టుకున్నాను. ఆ రోజు ప్రయాణం కంప్యూటర్లో ఇంకా ఉంది. దాన్ని మళ్ళీ నడిపించి చూశాను. మబ్బులు, నారింజ వెలుగు, ఎర్ర దీపం. కుడివైపు. విమానాలు అటు తిరిగినా కుడివైపే, ఇటు ఒరిగినా కుడివైపే. ఎడమ సగంలో ఆకాశం తప్ప ఏమీ లేదు.

నాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్నా, నువ్వెప్పుడూ అమ్మకు కుడివైపే ఉన్నావు."

ఆయన తెర దగ్గరికి వచ్చాడు. "రెండో నంబరు ఎడమపక్కన రావడం పద్ధతి" అన్నాడు. "ఆలోచించలేదు."

ఆయనొక్కడేనా? పళ్ళెం తిప్పింది నేను. చుట్టూ తిరిగి కుడివైపునుంచి నీళ్ళిచ్చింది నేను. ఎడమచేతి పని ఎడమపక్కన కూర్చుని చేసిపెట్టింది నేను. ఇల్లంతా కలిసి, ఎంతో ప్రేమగా, ఆమెకు ఎడమ అవసరం లేని లోకం ఒకటి కట్టిపెట్టాం.

"అయితే ఇటు రా" అన్నాను. "ఆమెకు ఎడమవైపుకు."

"వస్తే నేను కనపడను."

"అవును."

నాన్న కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. లేత్ పనిలో గట్టిపడిన వేళ్ళు. "ఇప్పుడిప్పుడే నాతో వస్తోందే" అన్నాడు.

మోచేతి కట్టు విప్పిన రోజున మళ్ళీ లేచాం. మబ్బుల మీదికి చేరాక, నాన్న విమానం వేగం తగ్గించి, మెల్లగా కిందికి దిగి, అమ్మ విమానం పొట్ట కిందుగా దాటి, ఎడమవైపు పైకి తేలింది. ఇటునుంచి అమ్మకు కనపడాల్సింది ఆయన కుడి రెక్క. ఆకుపచ్చ దీపం. నాకు స్పష్టంగా కనపడుతోంది. చెయ్యి చాపితే అందేలా ఉంది.

"ఎక్కడికి పోయారు?" అంది అమ్మ.

"ఇక్కడే ఉన్నాను. మెడ తిప్పు."

ఆమె కుడికి తిప్పింది. "అబద్ధాలాడకండి. ఖాళీగా ఉంది."

"ఇటు కాదు. రెండోవైపు."

"రెండోవైపంటే?"

హెడ్‌ఫోనుల్లో వచ్చే గొంతుకు కుడి ఎడమలుండవు. నాన్న గొంతు ఆమె తల నడిమధ్య వినిపిస్తోంది. మనిషి మాత్రం లేడు. ఎడమచేతి పని ఆమెకే వదలాలని నాన్న ముందే చెప్పాడు. నేను పిడి మీదినుంచి చెయ్యి తీసేశాను. వేగం తగ్గింది. విమానం ముక్కు వంచింది. మబ్బుల్లోంచి కిందికి, ఇంకా కిందికి, బూడిదరంగు సముద్రంలోకి మెత్తగా దిగిపోయింది.

"ఈ బండి పాడైంది" అంది అమ్మ.

ఆ రోజులన్నీ సముద్రంలోనే ముగిశాయి. నాన్న ఓపికగా ముందు ఎదురుగా వచ్చి నిలబడేవాడు. అక్కడినుంచి వెంట్రుకవాసి ఎడమకు జరిగేవాడు. ఆమె చూపు అతుక్కుని కొంతదూరం వచ్చేది. ఒక చోట తెగిపోయేది. అక్కడ గోడ ఉన్నట్టే. "ఏ దీపం కనపడుతోంది?" అని అడిగేవాడు. "ఎర్రది" అనేది ఆమె, కుడివైపు ఖాళీలోకి చూస్తూ. అక్కడ ఎరుపు లేదు, దీపం లేదు, ఏమీ లేదు. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఎప్పుడూ ఉండే చోట ఆయన ఉన్నాడని నమ్ముతోంది. నాన్న ఒక్కోసారి "సరే" అనేవాడు.

ఒకనాడు ఆమె టోపీ తీసి బల్ల మీద పెట్టేసింది. "మీరు లేని ఆకాశంలో నాకేం పని?" అని వెళ్ళి మంచం మీద పడుకుంది. తర్వాత ఆ గదివైపు రాలేదు. వానలు పలచబడ్డాయి. ఎండ మధ్యమధ్య తొంగిచూసి పోతోంది. బాబాయ్ వరండాలోకి వచ్చి, వచ్చే సోమవారం నుంచి ఆ సీట్లోకి ఒక కుర్రాణ్ణి పిలిచానని గొంతు తగ్గించి చెప్పాడు. డాక్టరుకు చూపించుకున్నాక కూడా ఎటూ తేలకపోతే ఎన్నాళ్ళని ఆగుతామన్నాడు. ఆయన మొహం చూస్తే ఆయనకూ రాత్రుళ్ళు నిద్ర లేనట్టుంది.

నేను లోపలికొచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"నా సీట్లో ఎవర్ని పెడుతున్నారు?"

నేను దుప్పటి మడత పెట్టసాగాను.

"నాకు ఎడమ తెలీదని మీరంటున్నారు, బాగానే ఉంది. చెవుడుందని ఎవరూ అనలేదుగా." లేచి నిలబడింది. "మీ నాన్నను లెమ్మను. ఆ టోపీ ఏదీ?"

ఆ సాయంత్రం ఆకాశంలో మబ్బు దట్టంగా ఉంది. నాన్న కావాలని పెట్టాడో, కంప్యూటరు తనంతట పెట్టిందో తెలియదు. రెండు విమానాలు తెల్లటి చీకట్లోకి దూరాయి. తెర మీద ఏమీ లేదు, పాలనురగ తప్ప. నేను నా స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ బయట చూరునుంచి చుక్కలు రాలుతున్నాయి. అమ్మ మొహం చెక్కినట్టుంది. పాఠం చెప్పేటప్పుడు ఉండేది ఆ మొహం.

"మెడ తిప్పు టీచరమ్మా" అన్నాడు నాన్న. "కళ్ళు తిప్పితే చాలదు."

"నా పాఠం నాకే చెప్పకండి."

ఆమె గడ్డాన్ని కుడి భుజానికి ఆనించింది. అక్కడినుంచి తలను మెల్లగా లాక్కొచ్చింది, తుప్పుపట్టిన తలుపు లాగినట్టు. ఎదురుగా. ఎదురునుంచి ఇవతలికి. గోడ ఉండే చోటికి వచ్చి ఆగింది. టోపీ మీది బిళ్ళ వణుకుతోంది. వేగం తగ్గుతున్న చప్పుడు. విమానం ముక్కు వంచబోతోంది. నా చెయ్యి దానంతటదే పిడి మీదికి పోయింది. తీసేయాలని తెలుసు. తీయలేకపోయాను.

"ఏ దీపం కనపడుతోంది?" అన్నాడు నాన్న, ఎప్పటిలాగే.

అమ్మ తల ఇంకొక్క వేలెడు ఇటు జరిగింది.

"ఆకుపచ్చ" అంది.

ముందు గదిలో కుర్చీ కిర్రుమంది.

"రంగు మార్చారా?" అంది అమ్మ. "చెప్పకుండా మారిస్తే ఎలా తెలుస్తుంది?" కొంచెంసేపు చూసి, "రెక్క ఊగుతోంది. బండి సరిగ్గా నడపండి" అంది.

"గాలి" అన్నాడు నాన్న.

వేగం ఇంకా తగ్గుతోంది. అప్పుడు నా చేతి మీద బరువు పడింది. అమ్మ ఎడమచెయ్యి. చల్లగా, కొంచెం మొద్దుగా, దారి తెలియక తడుముకుంటూ వచ్చి నా చేతి మీద ఆగి, పిడిని ముందుకు తోసింది. విమానం ముక్కెత్తింది. మబ్బు చీలి, నారింజ వెలుగు గదిలోకి పడింది.

ఆమె నా చేతి వంక చూసింది. చేతినుంచి భుజం, భుజంనుంచి మొహం.

"ఎప్పుడొచ్చావే?" అంది.

"ఇప్పుడే అమ్మా."

"చిక్కిపోయావు. తినడం లేదా?" అని మళ్ళీ తెర వైపు తిరిగింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ దీపం మర్నాడు మళ్ళీ పోయింది. ఆ మర్నాడు వచ్చింది. వచ్చిన రోజులు పెరిగాయి. నేను పళ్ళెం తిప్పడం మానేశాను; ఆకలేస్తే ఆమే వెతుక్కుంది. గుమ్మాలు ఆమెను కొట్టడం తగ్గించాయి.

డాక్టరు ఆమెచేత గీతలు కొట్టించాడు, బొమ్మలు గీయించాడు, రెండు చేతుల వేళ్ళూ ఆడించి ఏవి కదిలాయో అడిగాడు. నాన్న బయట బెంచీ మీద మోకాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. చాలా తిరిగొచ్చిందని డాక్టరు చెప్పాడు. అలసిపోతే ఎడమ జారిపోతుంది, అప్పుడు జాగ్రత్త. రోడ్డు మీద ఇంకా వద్దు. ఖాళీ మైదానంలో, పక్క సీట్లో కూర్చుని నేర్పుకోవచ్చు. మిగతాది వచ్చే ఎండాకాలం చూద్దాం.

బాబాయ్ ఆ కుర్రాణ్ణి తన కారులోకి మార్చుకున్నాడు. పట్టా తీసి, కారు తనే కడిగాడు. పక్క అద్దం మీద నాచు గీకుతూ, "వదినా, ఖాళీ మైదానంలో నేర్చుకునే మొద్దావతారం ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

అమ్మ వెనక్కి తిరిగి నాన్న వంక చూసింది.

"నాకెందుకు" అన్నాడు నాన్న. "నాకు విమానం ఉంది."

"ఎక్కండి" అంది అమ్మ.

పేట చివర, గోదాముల వెనక పెద్ద ఖాళీ జాగా. బాబాయ్ అక్కడిదాకా నడిపి దిగిపోయాడు. నిలిచిన వాన నీళ్ళలో ఆకాశం పడి ఉంది. నాన్న స్టీరింగును రెండు చేతులతో, అది పారిపోతుందేమోనన్నట్టు పట్టుకున్నాడు. అమ్మ తన సీట్లో. నేను ఆమె వెనక. కారు ఎగిరి దూకి ఆగిపోయింది. మళ్ళీ దూకి మళ్ళీ ఆగిపోయింది.

"అది క్లచ్చండీ. బాంబు కాదు. మెల్లగా వదలండి."

"తిడితే దిగి వెళ్ళిపోతాను."

"ఇక్కడినుంచి ఇల్లు చాలా దూరం. దిగండి చూద్దాం."

ఆయన దిగలేదు. మెల్లగా వదిలాడు. కారు కదిలింది. నీళ్ళలో పడి ఉన్న మబ్బుల మీదుగా, చప్పుడు లేకుండా, మేం ముగ్గురం తేలిపోతున్నట్టుగా కదిలింది. కిటికీ దించి నేను తల కొంచెం బయట పెట్టాను. తడి గాలి.

"తిరిగే ముందు ఏం చేయాలి?" అంది అమ్మ.

"మెడ తిప్పాలి" అన్నాడు నాన్న, బుద్ధిగా.

"తిప్పండి మరి. నేనూ చూస్తున్నాను."

ఆమె కిటికీ బయట, ఎడమవైపు, చిన్న అద్దం. బాబాయ్ గీకిన చోట మెరుస్తోంది. అందులో తడి నేల వెనక్కి పరిగెడుతోంది, గోదాముల గోడ వెనక్కి పరిగెడుతోంది. అద్దం మధ్యలో, లారీ పాఠంలో లాగే, అమ్మ మొహం నాకు కనిపించింది.